పువ్వులన్నీ ఒకటే, ముచ్చికలే వేరు: మాడ్రిడ్ చీపురు పొదల డైరీ

మార్చి 24

ఒకే పొదకి మూడు ఫోటోలు తీస్తే ఫోన్‌లో యాప్ మూడు పేర్లు చెప్పింది. మొదట స్పార్షియం, తర్వాత సిటిసస్, చివరికి ఎఫెడ్రా. ఎఫెడ్రా అంటే పైన్ చెట్ల వైపు చుట్టం, దానికి పువ్వే ఉండదు. మిగతా రెండూ చిక్కుడు కుటుంబం. అంటే యాప్‌కి కూడా నాలాగే ఏమీ తెలియలేదన్నమాట.

పొద ఉన్నది కాసా దె కాంపోలో. మాడ్రిడ్ ఊరిని ఆనుకుని 1,700 హెక్టార్లకు పైగా ఉన్న పార్కు అది. ఆకు ఒక్కటీ లేదు. బూడిద కలిసిన పచ్చరంగులో సన్నటి పుల్లలు, ఎవరో విప్పేసి వదిలిన చీపురుకట్టలా ఉంది. పక్కన కుక్కని తిప్పుతున్న పెద్దాయన్ని అడిగితే "రెతామా" అన్నాడు. సరేనని ఇంకాస్త దూరంలో ఇంకో రకం పొద చూపిస్తే దాన్నీ "రెతామా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఇక్కడ కనీసం నాలుగు వేరువేరు మొక్కల్ని జనం ఆ ఒక్క పేరుతోనే పిలుస్తారు.

కింద నేలమీద పోయినేటి కాయలు రాలి ఉన్నాయి. శనగగింజ కంటే కాస్త పెద్దవి, గుండ్రంగా, ఎండిపోయి ఉన్నాయి. ఒకటి తీసి చెవి దగ్గర ఊపితే లోపల గింజ కదిలింది. చిక్కుడు కుటుంబంలో పుట్టి, బారుగా రెండుగా చీలే కాయ కాకుండా, పగలని ఒంటిగింజ గోళీ కాయడం చాలా తక్కువ. రెటామా స్ఫీరోకార్పా. స్ఫీరోకార్పా అంటేనే గుండ్రటి కాయ అని అర్థం. పెద్దాయన చెప్పింది మొదటి పొద విషయంలో అక్షరాలా నిజం.

డిగ్రీలో బోటనీ చదివి పన్నెండేళ్లయింది. మావారి ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాక మొక్కల జోలికి పోవడం ఇదే మొదలు. ఈ వేసవి ప్రాజెక్టు ఇదే అని తేల్చేసుకున్నా: మాడ్రిడ్ నుంచి గ్వాదర్రామా కొండల దాకా కనిపించే పసుపుపూల చీపురు పొదల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, వారాంతాల్లో కొండలెక్కే మా తెలుగువాళ్ల గుంపు కోసం ఒక్క పేజీలో తెలుగు కీ, అంటే ప్రశ్నలకి జవాబు చెప్పుకుంటూ పోతే మొక్క పేరు తేలే పట్టిక, తయారుచేయాలి.

రాత్రి ఫోన్‌లో అమ్మకి చెబితే, "చీపురుపల్లి మన పక్కనే ఉంది కదే, చీపుర్ల కోసం అంత దూరం పోవాలా?" అంది.

ఏప్రిల్ 5

పువ్వులు రావడానికి టైముంది కాబట్టి పుస్తకాల పని పట్టుకున్నా. పేర్ల చరిత్ర చూస్తే మన ఉమ్మడి కుటుంబాల పంపకాల్లాగే ఉంది. 1753లో, మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ ఇప్పటి మామూలు చీపురు పొదని స్పార్షియం స్కోపేరియం అన్నాడు. రెల్లులాంటి పుల్లలున్న పొదని స్పార్షియం జున్సియం అన్నాడు. మా గోళీకాయల రెటామాకి కూడా ఆయన పెట్టిన మొదటి ఇంటిపేరు స్పార్షియమే. తర్వాత వచ్చినవాళ్లు పువ్వు, కాయ, గింజ దగ్గరగా చూసి వేరు కాపురాలు పెట్టించారు. స్కోపేరియం సిటిసస్ ఇంట్లోకి పోయింది, మధ్యలో కొన్నాళ్లు సారోథామ్నస్ అనే ఇంట్లోనూ ఉంది. పాత పుస్తకాల్లో ఆ పేరే కనిపిస్తుంది. ఇప్పుడు స్పార్షియం ఇంట్లో మిగిలింది ఒక్క జున్సియమే.

ఇంగ్లండుని ఏలిన ప్లాంటాజెనెట్ వంశానికి ఆ పేరు "ప్లాంటా జెనిస్టా" నుంచి వచ్చిందంటారు. ఆంజూ ప్రభువు జెఫ్రీ టోపీలో చీపురు పొద రెమ్మ పెట్టుకునేవాడట. ఆ రెమ్మ ఇవాళ మనం సిటిసస్ అంటున్నదే అయ్యుంటుందని ఎక్కువమంది నమ్మకం. లాటిన్‌లో అప్పట్లో జెనిస్టా అంటే అన్ని చీపురు పొదలూ. పాత పేరు చూసి నేటి ప్రజాతి (శాస్త్రీయ నామంలో ఇంటిపేరు) అనుకుంటే అక్కడే బోల్తా.

రూల్స్ రాసుకున్నా. గ్వాదర్రామా 2013 నుంచి నేషనల్ పార్కు, లోపల రెమ్మ కూడా తుంచకూడదు. కాబట్టి చేతిలో పదింతల భూతద్దం, ప్లాస్టిక్ స్కేలు, ఫోను. ప్రతి పొదకీ ఐదు ఫోటోలు: కాండం, ఆకు, పువ్వు పక్కనుంచి, పువ్వు ముందునుంచి, కాయ. పార్కు బయట రోడ్డుపక్కన రాలినవి మాత్రం తీసుకుంటా.

ఏప్రిల్ 26

స్పార్షియం పూసింది. దీనికోసం కొండలెక్కక్కర్లేదు, హైవేల మధ్య డివైడర్లలో వరసగా నాటేశారు. షాపింగ్ సెంటర్ పార్కింగ్ దగ్గర మునిసిపాలిటీ వాళ్లు కత్తిరించి పడేసిన కొమ్మ ఒకటి దొరికింది. వాసన నాలుగు అడుగుల దూరం నుంచే తెలుస్తోంది, కాస్త మత్తుగా, తియ్యగా.

ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టి చూస్తే ఇంటర్ బోటనీ పుస్తకం కళ్లముందు తిరిగింది. పైన నిలబడే పెద్ద రేక ధ్వజం ఒకటి, పక్కల బాహువులు రెండు, అడుగున పడవలా కలిసే ద్రోణులు రెండు. ధ్వజమే రెండు సెంటీమీటర్లు దాటింది. మన కంది, జనుము పువ్వుల అచ్చు. పుప్పొడినిచ్చే కేసరాలు పదీ ఒకే గొట్టంగా అతుక్కున్నాయి. బఠాణీలో అయితే తొమ్మిది అతుక్కుని ఒకటి విడిగా ఉంటుంది, జనుములో పదీ కలిసే ఉంటాయి. ఈ చీపురు పొదలన్నింట్లోనూ అంతే.

జనుముతో పోలిక అక్కడితో ఆగలేదు. జనుము శాస్త్రీయ నామం క్రోటలేరియా జున్సియా, దీనిది స్పార్షియం జున్సియం. రెండింట్లోనూ ఉన్న మాట ఒకటే, రెల్లులాంటిదని. మా ఊళ్లో వరి కోశాక చేలో జనుము చల్లేవారు, దాని నారతో తాళ్లు పేనేవారు. దక్షిణ ఇటలీలో, కలాబ్రియా వైపు, ఈ స్పార్షియం పుల్లల్ని నానబెట్టి నార తీసి బట్ట నేసేవారు. ఇక్కడి నుంచి ఇటలీ ఎంత దూరమో, ఇటలీ నుంచి మా విజయనగరం ఎంత దూరమో లెక్కపెట్టుకుంటూ కూచున్నా కాసేపు.

పుల్ల గుండ్రంగా, నున్నగా ఉంది. గోటితో నొక్కితే లోపల మెత్తటి బెండు. ముచ్చిక మాత్రం విచిత్రం. పువ్వు కింద ఉండాల్సిన పచ్చ గిన్నె పైవైపు నిలువునా చీలిపోయి, ఒకే పక్కకి వాలి, చిన్న తొడుగులా ఉంది. పళ్లు ఐదూ ఆ కొనన చీమతలలంత. మొదట చిరిగిందేమో అనుకుని ఇంకో పది పువ్వులు చూశా. అన్నీ అంతే. మిగతా ఏ చీపురు పొదకీ ముచ్చిక ఇలా ఉండదు. ఒక మొక్క తేలిపోయింది.

మే 9

మామూలు చీపురు పొద, సిటిసస్ స్కోపేరియస్. స్పానిష్‌లో ఎస్కోబా, అంటే చీపురే. వెయ్యి మీటర్ల ఎత్తులో, గ్రానైట్ బండల మధ్య, మనిషెత్తున ఉంది. అడుగు కొమ్మలకి మూడేసి చిట్టి ఆకులు, పైన కొనల్లో ఒంటి ఆకులు. ఆకుల్ని నమ్ముకుంటే ఒకే పొదని రెండు జాతులు అనుకుంటాం. నమ్మాల్సింది కాండాన్ని. పచ్చటి పుల్లని వేళ్ల మధ్య తిప్పితే ఐదు అంచులు స్పష్టంగా గుచ్చుకుంటాయి. అడ్డంగా చూస్తే ఐదు కోణాల నక్షత్రం.

ఇవాళ అరగంట ఒక్క పువ్వు దగ్గరే గడిచింది. విచ్చుకున్న పువ్వే అయినా ద్రోణి మూసుకునే ఉంది. లోపల కేసరాలూ, అండాశయం మీది కాడ కీలమూ స్ప్రింగులా బిగిసి ఉంటాయి. పెద్ద తేనెటీగ ఒకటి వచ్చి వాలింది, కాళ్లతో రెక్కల్లాంటి బాహువుల్ని కిందకి తొక్కింది. టప్. ద్రోణి నిలువునా చీలింది, పొట్టి కేసరాలు దాని పొట్టమీద, పొడుగు కేసరాలు దాని వీపుమీద కొట్టాయి. తేనెటీగ ఒళ్లంతా పసుపు పూసుకుని తూలుకుంటూ పోయింది. ఇంత హడావుడి చేసి పువ్వు దానికి తేనె ఒక్క చుక్క ఇవ్వలేదు, ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఒక్కటే కూలి.

నేనూ పక్క పువ్వుని పెన్సిల్ మొనతో నొక్కా. మొహం మరీ దగ్గర పెట్టడంతో పుప్పొడి కళ్లజోడు మీదా భూతద్దం మీదా పడింది. తుడుచుకుని చూస్తే కీలం పొడుగ్గా బయటికొచ్చి, మేకపిల్ల కొమ్ములా చుట్ట తిరిగి ఉంది. ఒకసారి పేలిన పువ్వు మళ్లీ మూసుకోదు. కాబట్టి పొదని దూరం నుంచి చూసినా ఏ పువ్వుకి విజిటర్ వచ్చి వెళ్లాడో తెలిసిపోతుంది.

మే 10

తప్పు జరిగింది. నిన్న తీసిన 64 ఫోటోల్లో ముచ్చిక కనిపించేది ఒక్కటీ లేదు. తేనెటీగ మోజులో పడి అన్నీ ముందునుంచే తీశా. ముందునుంచి చూస్తే ఈ జాతులన్నీ కవల పిల్లలు. కీలంచుట్టా, ఐదంచుల కాండం ఉన్నాయి కాబట్టి ఈ మొక్క వరకూ గట్టెక్కా. చీపురు పొదల్లోనే ఇంకో ప్రజాతి జెనిస్టాల దగ్గర ఇలా చేస్తే ట్రిప్పు మొత్తం వృథా. నోటుబుక్కు అట్టమీద పెద్ద అక్షరాలతో రాశా: ముందు ముచ్చిక.

మే 25

కాసా దె కాంపోలో రెటామా పూసింది. పువ్వు సెంటీమీటరు కూడా లేదు. కాయ చూసేశాం కాబట్టి కొత్తగా రాయడానికేం లేదు. ఎండలో పసుపు పొగలా ఉంది, అంతే.

జూన్ 7

రాస్కాఫ్రియా వైపు, లొసోయా లోయ. ఓక్ అడవి అంచున జెనిస్టాలు. నాకు టెన్షన్ పెట్టిన ప్రజాతి ఇదే.

జెనిస్టా ఫ్లోరిడా నా కంటే ఎత్తుంది. ఆకులు ఒంటివి, అడుగున పట్టులాంటి నూగు. గాలి వీస్తే పొద మొత్తం వెండిలా తిరగబడుతుంది. పువ్వులు కొమ్మ చివర పొడవాటి గుత్తులుగా ఉన్నాయి. ఈసారి బుద్ధిగా ముందు ముచ్చిక చూశా. సిటిసస్ ముచ్చికకి రెండు పెదవులుంటాయి గానీ, పైపెదవి కొనన రెండు చిన్న పళ్లు మాత్రమే, దాదాపు నున్నగా ఉంటుంది. జెనిస్టాలో పైపెదవి లోతుగా, కింద దాకా రెండుగా చీలి, పాము నాలుకలా ఉంటుంది. కింది పెదవికి మూడు పళ్లు. ఒక్కసారి చూశాక ఇక మర్చిపోలేం.

పావుగంట పైకి నడిస్తే పొట్టిగా, బూడిద రంగులో ఇంకో జెనిస్టా. పైపెదవి చీలిక అదే. కానీ పువ్వులు పొడుగు గుత్తుల్లో లేవు, పుల్ల పొడవునా అక్కడక్కడా రెండు మూడు చొప్పున ఉన్నాయి. జెనిస్టా సినరాసెన్స్. పేరులోనే బూడిద ఉంది.

అదే దారిలో మూడాకుల పొద ఒకటి దాదాపు నన్ను మోసం చేసింది. మూడాకులు చూసి సిటిసస్ అని రాసేశా. ముచ్చిక చూస్తే పైపెదవి లోతుగా చీలి ఉంది. కొట్టేశా. అప్పుడే పడుతున్న పిందెని వేలితో తాకితే జిగురు, భూతద్దంలో చూస్తే కాయ నిండా నల్లటి చిన్న గ్రంథుల బొడిపెలు. అడెనోకార్పస్, అంటే గ్రంథులున్న కాయ అనే. ఇక్కడివాళ్లు కంబ్రోన్యో అంటారు. కీలో దీన్ని ప్రజాతి దగ్గరే ఆపేస్తున్నా, ఒక్క పేజీలో అంతకంటే పట్టదు.

తిరుగు బస్సులో ఒక సంగతి గుర్తొచ్చింది. ఆరోగ్య వ్యాసాల్లో సోయా గురించి రాస్తూ జెనిస్టీన్ జెనిస్టీన్ అంటారు చూడండి, ఆ పేరు ఈ జెనిస్టాదే. 1899లో దాన్ని మొదట వేరుచేసింది జెనిస్టా టింక్టోరియా నుంచి, అదేమో యూరప్‌లో బట్టలకి పసుపురంగు అద్దిన మొక్క. ఆ పసుపు మీద నీలం అద్దితే వచ్చే పచ్చరంగుకి ఇంగ్లండులో కెండల్ పట్నం పేరే పెట్టారు.

జూన్ 14

కోతోస్ కనుమ, 1,830 మీటర్లు. ఎదురుగా పెన్యాలారా శిఖరం, 2,428. పైన్ చెట్లు పల్చబడ్డాక నేలంతా పసుపు దుప్పటి. ఇక్కడివాళ్లు పియోర్నో అనే పొద. మోకాలెత్తు గుండ్రటి మెత్తలు, మధ్యమధ్య నేలకి పాకే జూనిపర్. చలికాలమంతా మంచు కింద పడి ఉంటాయి కాబట్టి నిటారుగా లేవవు. వాసన వెనీలా ఐస్‌క్రీమ్‌కి దగ్గరగా ఉంది. ఐదు నిమిషాలు నోటుబుక్కు తెరవలేదు.

ముచ్చిక పైపెదవి చిన్న పళ్లతో ఉంది. సిటిసస్సే. జాతి పేరు దగ్గర తంటా వచ్చింది. పాత పుస్తకాల్లో ఇది సిటిసస్ పర్గన్స్. తర్వాత తేలిందేమిటంటే, ఆ పేరు అసలు వేరే మొక్కది, తప్పుగా దీనికి అంటుకుంది. అందుకని ఇప్పుడు సిటిసస్ ఓరోమెడిటెరేనియస్ అంటున్నారు, కొందరు సిటిసస్ బలాన్సే అనే జాతికి ఉపజాతిగా లెక్కిస్తారు. ఒక మొక్కకి మూడు ఆధార్ కార్డులు. నా కీలో మొదటిది తీసేసి, ఓరోమెడిటెరేనియస్ ఉంచి, పక్కన పియోర్నో అని రాశా. కొండమీద ఎవరినడిగినా పలికే పేరు అదే.

జూన్ 28

కీని మనుషుల మీద పరీక్షించా. మా గుంపులో నలుగురు, పైగా మావారు. మొక్కల్లో మావారికి తెలిసింది కొత్తిమీరా కరివేపాకూ.

మొదటి ప్రశ్నకే అందరూ ఆగిపోయారు. "రక్షక పత్రావళి పైపెదవి లోతుగా చీలి ఉందా?" అని రాశా. "రక్షక పత్రావళి అంటే ఏంటక్కా, ముల్లా?" అంది గుంపులో చిన్నమ్మాయి. మావారు పువ్వు మధ్యలో వెతుకుతున్నారు. అక్కడే నిలబడి కొట్టేసి, "వంకాయకి ముచ్చిక ఎలా ఉంటుందో అలా పువ్వు అడుగున ఉండే పచ్చ గిన్నె" అని మార్చా. అంతే, ఐదుగురిలో నలుగురు ఫ్లోరిడాని జెనిస్టా అని తేల్చేశారు. ఐదో ఆయన మావారే, ఆయన అడెనోకార్పస్ దాకా వెళ్లి "మూడాకులున్నాయనుకున్నా" అన్నారు. ఒంటి ఆకుల్ని దగ్గరదగ్గరగా చూసి మూడు లెక్కపెట్టారట. దీనికి మార్పు: ఆకు తొడిమ దగ్గర వేలుపెట్టి చూడమని ఒక మాట కలిపా.

గుంపులో ఒకరు హనీమూన్‌కి ఊటీ వెళ్లినప్పటి ఫోటో చూపించారు. వెనక పసుపు పొద. ముచ్చిక కనిపించలేదు గానీ ఐదంచుల పుల్లలు తెలుస్తున్నాయి. స్కోపేరియస్సే. బ్రిటిష్‌వాళ్లు నీలగిరులకి తెస్తే, అక్కడి గడ్డిమైదానాల్ని ఆక్రమించి కూర్చుంది. గింజ నేలలో దశాబ్దాలు బతికుంటుంది, పీకినా మళ్లీ మొలుస్తుంది. ఇక్కడ సొంతూళ్లో ఉన్నప్పుడు ఇంత ముచ్చటగా ఉన్న మొక్కే అక్కడ కలుపు.

ఇంకొకరు "బుచర్స్ బ్రూమ్ కూడా పెట్టావా?" అని అడిగారు. పెట్టలేదు. దాని పేరులో చీపురుంది గానీ అది శతావరి కుటుంబం, ఆకుల్లా కనిపించేవి కూడా ఆకులు కావు.

జూలై 12

కాయల రోజు. పార్కు బయట రోడ్డుపక్కన, మిట్టమధ్యాహ్నం. స్కోపేరియస్ పొద కింద కూర్చుంటే చిటపట శబ్దం. నల్లగా మాడిన కాయలు ఎండకి మెలితిరిగి పగులుతున్నాయి. చిన్నప్పుడు నీళ్లలో వేసి పేల్చిన చిటపటకాయల శబ్దం లాంటిదే, ఇక్కడ నీళ్లకు బదులు ఎండ. గింజ ఒకటి నా బుగ్గకి తగిలింది. కాయ చప్పిడిగా ఉంది, నూగు అంచుల వెంట మాత్రమే. ఫ్లోరిడా కాయలు కొన్ని ఎండకొచ్చాయి, వాటికి ఒళ్లంతా పట్టునూగు. రెండు రకాలూ కాసిని చెరో కాగితం కవర్లో వేసుకుని ఇంటికి తెచ్చా.

జూలై 14

కవర్లు వంటింటి అరమీద పెట్టడం నా పొరపాటు. కిటికీ ఎండ సరిగ్గా అక్కడే పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి టప్ టప్ మని మొదలైంది. నేను వెళ్లేసరికి ఒక కవరు కింద పడి ఉంది, రెండోది నోరు తెరుచుకుంది. అరమీద మూత సరిగ్గా పెట్టని కందిపప్పు డబ్బా.

మామూలు గింజలైతే ఏరి పప్పు వండేదాన్ని. వీటిలో స్పార్టీన్ లాంటి ఆల్కలాయిడ్లు ఉంటాయి, గుండె మీద పనిచేస్తాయి. మావారు తలుపు దగ్గర నిలబడి, "ఇది మొక్కల ప్రాజెక్టా, నా మీద ప్రయోగమా?" అన్నారు. పప్పు మొత్తం పళ్లెంలో పోసి, చేటలో బియ్యం ఏరినట్టు కూర్చుని ఏరా. మొత్తం 31 గింజలు దొరికాయి.

భూతద్దం పెట్టి చూశా, ఎలాగూ చేతిలో ఉంది కదా అని. 22 గింజలకి ఒక కొనన లేతరంగు చిన్న కండ బొడిపె అంటుకుని ఉంది. చీమలు దానికోసమే గింజల్ని మోసుకుపోతాయి. మిగిలిన తొమ్మిదీ బొడిపె లేకుండా నున్నగా ఉన్నాయి. పుస్తకంలో చదివి, చూడకుండానే కీ చివర రాసుకున్న లక్షణం ఇదే: సిటిసస్ గింజకి బొడిపె ఉంటుంది, జెనిస్టా గింజకి ఉండదు. రెండు కవర్లు కలిసిపోయాయని ఏడుస్తున్నదాన్ని, కందిపప్పులోనే రెండు కుప్పలు చేసేశా.

పప్పు పారేశాం. రాత్రికి టమాటా చారు, ఆమ్లెట్. గింజలు రెండు సీసాల్లో వేసి లేబుల్ అంటించి బెడ్‌రూమ్ బీరువా పైన పెట్టా, మూతలు రెండుసార్లు చూసుకుని.